ఇల్లుబండి అద్దం తీసిన రోజు

అది గురువారం. పగలు పదకొండు గంటల పది నిమిషాలు. బండిలో వంటగట్టు పైన ఎర్ర అంకెల కరెంటు గడియారం ఒకటి ఉండేది. కిందికి దూకే ముందు నేను చివరగా చూసింది దాన్నే. నా వెనక ఉన్న మనిషిని చూడలేదు, గడియారాన్ని మాత్రం చూశాను. అంకెలు నాకు అప్పటికే వచ్చు. అక్షరాలే రావు.

ఈ పనుల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, "తాతా, గోడకు అంటించిన అద్దాన్ని పగలకుండా ఎట్ల తీసినారు?" అని. మీకు పనికొచ్చే ముక్క ముందే చెప్పేస్తాను. అది చదివి లేచిపోవాలనుకుంటే లేచిపోండి. అద్దం మీద అడ్డదిడ్డంగా టేపు వేయండి, పగిలినా ముక్కలు ఎగరవు. అంచుల వెంట వేడిగాలి కొట్టండి, గమ్ము మెత్తబడుతుంది. సన్నని ఉక్కుతీగను అద్దం వెనక్కి దూర్చి, చెరో కొసా పట్టుకుని రంపం లాగినట్టు లాగండి. కింద ఒక మనిషి అద్దాన్ని ఆనుకుని ఉండాలి. అంతే విద్య. మిగిలిందంతా ఆ కింద ఉన్న మనిషి గురించి.

ముందు మేమెవరమో చెప్పాలి. కోలారు బంగారు గనులు మూసేసినప్పుడు మా మీద కురిసిన పొగడ్తలు విన్నవాళ్లెవరైనా మమ్మల్ని ఏనుగెక్కిస్తారనుకునేవాళ్లు. వీరులన్నారు. భూమి కడుపులో చెయ్యిపెట్టి బంగారం తీసినవాళ్లన్నారు. మరుసటి నెల నుంచి వీరులందరూ మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లి, అపార్టుమెంట్ల గేట్ల ముందు నీలంచొక్కాలు తొడుక్కుని కూర్చున్నారు. నేనూ ఏడేళ్లు కూర్చున్నాను. వచ్చే కారు నంబరు పుస్తకంలో ఎక్కించడం పని. అంకెలే కాబట్టి నెట్టుకొచ్చాను. ఇకమీదట వచ్చినవాళ్ల పేరు కూడా రాయాలని చెప్పిన రోజు, మోకాళ్ల నొప్పులని చెప్పి మానేశాను.

తర్వాత దొరికింది ఈ షెడ్డు. బంగారుపేట రోడ్డులో ఉండేది. యజమాని కోలారు బడిపంతులుగారి అబ్బాయి. ఇంజనీరింగు చదివి, బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని, ఆ చల్లదనం పడక తిరిగొచ్చి ఇక్కడ రేకుల కింద ఉడుకుతున్నాడు. పాత బస్సులనూ వ్యాన్లనూ ఇళ్లుగా మార్చడం ఆయన వ్యాపారం. లోపల మంచం, పొయ్యి, కక్కసు, అన్నీ ఉంటాయి. ఆయన దాన్ని మోటర్‌హోమ్ అనేవాడు. మేం ఇల్లుబండి అనేవాళ్లం. సొంత ఇల్లు ఉన్నవాళ్లు దాన్ని అక్కడ వదిలేసి, ఇంత ఇరుకు ఇంటిని రోడ్డు మీద తిప్పుకోవడం ఏమిటో మాకు ఎప్పటికీ అర్థం కాలేదు. గనివాళ్లకు కట్టిచ్చిన మా లైన్లలో ఇళ్లు ఇంతే ఉండేవి. ఎవరూ వాటిని చూసి ముచ్చటపడలేదు.

గని మనుషులం ముగ్గురం ఆ షెడ్డులో చేరాం. ఒకడు దుంగలవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఇంకొకడు డ్రిల్లువాడు. రాతికి రంధ్రాలు వేసి వేసి రెండు చెవులూ సగం పోగొట్టుకున్నాడు. నాది ఇనుపకమ్మీతో పైకప్పును తట్టే పని. తడితే రాయి 'ఖంగు'మంటే గట్టిది, 'బొద్దు'మంటే విడిపోయింది. విడిపోయినదాన్ని కమ్మీతో కిందికి లాగేసేవాణ్ణి. ఇరుకులో, చీకట్లో, వేడిలో సణగకుండా పనిచేస్తామని యజమాని మమ్మల్ని పెట్టుకున్నాడు. సణగకుండా అన్నది ఆయన అంచనా.

నాలుగో మనిషి, సీట్ల దిండ్లూ కర్టెన్లూ కుట్టే ఆమె. సరిహద్దులో నంగలి దాటాక ఉండే ఒక ఆంధ్రా పల్లె పిల్ల. ఏడో తరగతి దాకా చదివి, గని మనిషిని చేసుకుని మా లైన్లకు వచ్చింది. భర్త గనిలోనే పోయాడు. షెడ్డులో చేరిన మొదటి రోజే, టీ తాగే వేళకు మా ముగ్గురి ముందూ నిలబడింది.

"ఏమప్పా, మీరు గనిలో ఉండినోళ్లే గదా? మా ఇంటాయన పోయిన షిఫ్టులో ఉండినోళ్లు మీలో ఎవురన్నా ఉండారా?" అని భర్త పేరు చెప్పింది, గని పేరు చెప్పింది.

"నాది వేరే గనమ్మా" అన్నాడు దుంగలవాడు. అది నిజం.

"ఆ పొద్దు నేను ఊర్లోనే లేను, పెండ్లికి పోయింటి" అన్నాడు డ్రిల్లువాడు. ఆయనకు ప్రశ్న రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది కానీ, అదీ నిజమే.

"నేనూ లేను" అన్నాను. అది అబద్ధం.

ఆమె ముగ్గురినీ చూసి తలాడించింది. "ఎవుర్ని అడిగినా ఆ షిఫ్టులో లేరు. అంత లోతుకి ఆయప్ప ఒక్కడే దిగినాడేమో, పాపం."

ఆ మాట విని కూడా నేను టీ పూర్తిగా తాగాను. తర్వాత మూడేళ్లు ఆమె పక్కనే కూర్చుని తాగాను. చక్కెర ఎక్కువైందని వంకలు కూడా పెట్టాను.

జరిగింది ఇది. ఆమె భర్త మా గుంపు మనిషి కాడు. మా గుంపు తొమ్మిది మంది, మేస్త్రీని నేను. ఆ రోజు ఒకడికి జ్వరం. అతని బదులు, ఒక్క షిఫ్టు కోసం, ఈయన్ని బదిలీ మీద పంపారు. దిగేటప్పుడు పేరు అడిగాను, చెప్పాడు, తలాడించాను. గనిలో రాయి కొన్నిసార్లు ఉన్నట్టుండి పేలుతుంది. ఏర్ బ్లాస్ట్ అంటాం. పేలేముందు, ఎప్పుడూ కాదు, అదృష్టం ఉంటే, చిన్నగా 'టక్'మంటుంది. రాయి మాట్లాడిందంటాం. రాయి మాట్లాడితే చేతిలో ఏముంటే అది వదిలేసి పరుగెత్తాలి. పడే రాతిని పట్టుకుందామని చూసినవాడు ఎవడూ ఇంటికి రాలేదు. ఈ చదువు మా తలలకు చెప్పినది కాదు, కాళ్లకు చెప్పినది.

ఆ రోజు రాయి మాట్లాడింది. "పరుగు!" అని అరిచింది నేనే. పైకి తీసుకెళ్లే కేజ్ ఆగే చోటికి చేరి తలలు లెక్కపెట్టిందీ నేనే. ఎనిమిది. మా గుంపు తొమ్మిది, ఒకడికి జ్వరం, ఎనిమిది సరిపోయింది. "అంతా వచ్చేసినారు" అన్నాను. పైకి వచ్చాం. దిగేటప్పుడు ఒక్కొక్కరం మేకు నుంచి ఇత్తడి బిళ్ల తీసుకుని దిగుతాం, వచ్చాక మళ్లీ తగిలిస్తాం. ఆ రోజు ఒక మేకు ఖాళీగా ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చాడు బదిలీ మనిషి. వెతకడానికి మళ్లీ దిగేసరికి ఎంతసేపైందో నేను ఇక్కడ రాయను. రాయి పడిన క్షణంలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు మాట పట్టుకునే నేను ఇన్నేళ్లు అన్నం తిన్నాను. నా లెక్క తప్పలేదు చూడండి. మనిషే తప్పిపోయాడు.

ఇక అద్దం సంగతి. బెంగళూరులో పెద్ద జీతం తెచ్చుకునే ఆయనొకడు పాత ఇల్లుబండి కొని మాకు తెచ్చిచ్చాడు. పాత సామాను పీకేసి కొత్తగా కట్టాలి. ఆదివారానికి అయిపోవాలి, ఎందుకంటే కుటుంబంతో తొలి ప్రయాణం కురుడుమలె వినాయకుడి దగ్గరికి. అన్నీ పీకేయమన్నాడు కానీ, బాత్రూంలో అద్దం మాత్రం పగలకూడదన్నాడు. మూలలు గుండ్రంగా తీర్చిన పొడుగాటి అద్దం, పరాయి దేశపు సరుకంట. అలాంటిది ఇక్కడ దొరకదంట. దాన్ని తీసి బీరువా తలుపుకు పెట్టాలంట.

ఆ అద్దాన్ని మొదట అంటించినవాడెవడో గానీ మహానుభావుడు. ఒక్క స్క్రూ లేదు, ఒక్క క్లిప్పు లేదు. గోడంతా గమ్ము పూసి నొక్కేశాడు. వాడు అద్దాన్ని అంటించలేదు, గోడకిచ్చి పెళ్లి చేశాడు. విడాకుల మాట వాడి ఆలోచనలోనే లేదు.

బుధవారం దుంగలవాడు తన పద్ధతిలో మొదలుపెట్టాడు. గనిలో దుంగకూ రాతికీ మధ్య చెక్కముక్కలు దిగ్గొట్టి బిగించేవాళ్లు. ఆ లెక్కన అద్దానికీ గోడకూ మధ్య చెక్క చీలలు పెట్టి సుత్తితో మెల్లిగా కొట్టాడు. మెల్లిగా అంటే దుంగలవాడి మెల్లిగా. అద్దం కదల్లేదు. పక్కనున్న బీరువా పలక నిలువునా చీలింది.

చప్పుడు విని యజమాని పరుగెత్తుకొచ్చాడు. "అది కొండ కాదు పెద్దాయనా, ప్లైవుడ్డు!"

"కొండైతే ఈపాటికి వచ్చేసుండును సార్" అన్నాడు దుంగలవాడు, నిజంగానే బాధపడుతూ.

యజమాని మంచివాడే. కానీ మంచివాళ్లకు కోపం వస్తే మాట స్పష్టంగా వస్తుంది. "ఇదిగో వినండి. ఆ అద్దం పగిలిందా, సోమవారం నుంచి మీ ముగ్గురూ రావద్దు. బెంగళూరు నుంచి ఇద్దరు పిల్లల్ని పిలిపించుకుంటాను. వాళ్లైతే ఫోన్లో చూసి చేస్తారు."

డ్రిల్లువాడు నా వైపు వంగాడు. "ఏమంటున్నాడు?"

"సోమవారం సెలవంట" అన్నాను.

గురువారం ఉదయం యజమాని తన ఫోన్లో ఒక వీడియో పెట్టి, ఫోనును బాత్రూం గట్టు మీద నిలబెట్టాడు. అందులో తెల్ల గ్లౌజులేసుకున్న దొర ఒకడు, మా షెడ్డంత పెద్ద బాత్రూంలో, పెళ్లికి ముస్తాబైనట్టు నిలబడి, నవ్వుతూ అద్దం తీస్తున్నాడు. వాడి అద్దం వాడి మాట వింటోంది. ఏదో మాట్లాడుతున్నాడు, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు చూస్తే చాలు.

అద్దం మీద అడ్డదిడ్డంగా టేపు వేశాక, నేను ముందు నా పని నేను చేశాను. మణికట్టు వంచి వేలి కణుపుతో అద్దాన్ని కిందినుంచి పైదాకా తట్టుకుంటూ వెళ్లాను. గమ్ము ఉన్నచోట ఒక చప్పుడు, లేనిచోట ఇంకో చప్పుడు. గమ్ము ఉన్నచోటల్లా టేపు మీద పెన్సిలుతో సున్నాలు చుట్టాను. యజమాని నోరు తెరిచి చూశాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారు పెద్దాయనా?"

"మీ ఫోన్లో లేదులే సార్" అన్నాను. గొప్పలు పోయాను. ఆ గొప్ప ఇంకో గంట ఉండింది.

సైకిలు బ్రేకు తీగలోంచి ఒక పోగు విప్పి, అద్దం వెనక పైనుంచి దూర్చాం. కుడి కొస దుంగలవాడు పట్టుకున్నాడు. వాడు నిలబడడానికి చోటు లేక కక్కసు మూత మీదికి ఎక్కాడు. ఎడమ కొస నాది. నా ఒక కాలు లోపల, ఇంకో కాలు గడప మీద. డ్రిల్లువాడు నడవాలో నిలబడి, నా భుజం మీదుగా వేడిగాలి గన్ను కొడుతున్నాడు. అతని వెనక యజమాని.

"ఏం బతుకప్పా ఇది" అన్నాడు దుంగలవాడు పైనుంచి. "అంత లోతుకి పోయొచ్చినోణ్ణి, కడాకి కక్కసు మింద నిలబెట్టినారు."

"ఏమన్నావు?" అన్నాడు డ్రిల్లువాడు.

"ఏం లేదు నాయనా. నువ్వు గాలి కొట్టు."

అద్దం కింద ఆనుకుని ఉండే మనిషి కావాలి. చేతులు కడుక్కునే బేసిన్‌కూ గోడకూ మధ్య ఉన్న సందులో మాలో ఎవరం పట్టం. యజమాని వెళ్లి దిండ్లు కుట్టే ఆమెను పిలుచుకొచ్చాడు.

"నేను గుడ్డలు కుట్టేదాన్ని సార్, అద్దాలు మోసేదాన్ని కాదు" అంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా.

"ఆ మూలలో మీరు తప్ప ఇంకెవరూ పట్టరక్కా. రెండు నిమిషాలు."

"మగోళ్లు రెండు నిమిషాలని చెప్పి రెండు నిమిషాల్లో చేసిన పని ఒగటి చూపించండి" అంటూనే మా కాళ్ల మధ్య నుంచి దూరి, అన్నిటికంటే లోపలి మూలకు వెళ్లి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించింది.

"సుమ్నే, ఊరికే చెయ్యి పెట్టుకోని నిలబడు తల్లీ" అన్నాను. "బరువంతా మేము చూసుకుంటాం."

పని మొదలుపెట్టే ముందు గనిలో ఒక రివాజు ఉంది. తప్పించుకునే దారి చూసుకోవాలి. కాళ్లకు అడ్డం వచ్చేవన్నీ తీసేయాలి. అలవాటు కొద్దీ ఆ రోజూ చూసుకున్నాం. నడవాలో డబ్బాలు పక్కకు నెట్టాం, బండి తలుపు బార్లా తెరిచిపెట్టాం. ముగ్గురికీ దారి బ్రహ్మాండంగా ఉంది. మూలలో ఉన్న నాలుగో మనిషికి దారి లేదు, ఎందుకంటే ఆమె దారిలో ఉన్నది మేమే. ఆ సంగతి ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

తీగ బాగా కోసింది. నేను లాగుతాను, వాడు లాగుతాడు. ఒక్కొక్క సున్నా దాటుకుంటూ పైనుంచి కిందికి వచ్చాం. సగం దిగింది. ముప్పాతిక దిగింది. యజమాని సంతోషం పట్టలేక "సూపర్, సూపర్" అంటున్నాడు. కింద చివరి సున్నా దగ్గర తీగ పట్టేసింది. దుంగలవాడు కొంచెం గట్టిగా లాగాడు.

'టక్'.

గమ్ము వదిలిన చప్పుడు. అంతే. చిటికె వేసినంత.

"పరుగు!" అని అరిచాను.

తీగ వదిలేశాను. డ్రిల్లువాడికి మామూలుగా పక్కన నిలబడి పిలిచినా వినపడదు. ఆ మాట మాత్రం వినపడింది. గన్ను పడేసి తిరిగాడు. నేను వాణ్ణి దాటుకుని, వాడి వెనక ఉన్న యజమానిని భుజంతో ఒక్క తోపుకు బయటికి తోసి, ఎర్ర అంకెలు చూసి, తలుపులోంచి దూకాను. నా వెనక డ్రిల్లువాడు. వాడి వెనక దుంగలవాడు. మోకాళ్లు వంగవని నెలనెలా నూనె పూయించుకునే మనిషి కక్కసు మూత మీదినుంచి తలుపు దాకా ఎలా వచ్చాడో ఇప్పటికీ వాడికే తెలియదు. యజమాని మా ముందు మట్టిలో బోర్లా పడి ఉన్నాడు.

తర్వాత చేసిన పని ఆలోచించి చేసింది కాదు. దూకి, నిలబడి, ఊపిరి తీసుకోకముందే వేలు చాపాను. "ఒగటి, రెండు, మూడు."

"మూడు" అన్నాడు దుంగలవాడు.

"అంతా వచ్చేసినారు" అన్నాను.

మట్టిలో పడి ఉన్న యజమానిని కూడా ఎవరం లెక్కలో వేయలేదు. ఆయన ఆ బాధ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

అప్పుడు బండిలోపలి నుంచి గొంతు వచ్చింది. అరుపు కాదు. మామూలు గొంతు.

"అంతా వచ్చేసినారా అన్నా? బాగా లెక్కబెట్టినారా?"

ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

"అట్లయితే ఇంగ ఈడ అద్దం పట్టుకోనుండేది ఎవురు? దెయ్యమా?"

లోపలికి పరుగెత్తాం. ఈ పరుగు అంత వేగంగా లేదు. వెళ్లి చూస్తే, అద్దం మొత్తం గోడను వదిలి ఆమె మీదికి వాలి ఉంది. రెండు అరచేతులూ, నుదురూ ఆనించి, ఒక మోకాలు బేసిన్ కిందికి తన్నిపెట్టి దాన్ని ఆపుకుని నిలబడింది. కుడి బొటనవేలి మొదట్లో అద్దం అంచు కోసి, నెత్తురు మోచేతి దాకా కారుతోంది. ఆ చేయి ఆమెకు అన్నం పెట్టే చేయి. పక్కన గట్టు మీద ఫోన్లో దొర, ఏమీ జరగనట్టు, నవ్వుతూ ఇంకా చెప్పుకుంటూ పోతున్నాడు.

అద్దాన్ని నలుగురం మోసుకొచ్చి స్పాంజి దిండ్ల మీద పడుకోబెట్టాం. చిన్న గీత కూడా పడలేదు. యజమాని మట్టి దులుపుకుంటూ వచ్చి దానికి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాడు. మా ఉద్యోగాలు నిలబడ్డాయి. సోమవారం రావచ్చు. ఆ మాట ఆయన నవ్వుతూ చెప్పాడు. మేం నవ్వలేకపోయాం.

ఆమె కుట్టుమిషను దగ్గర కూర్చుని వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటోంది. దుంగలవాడు సాయం చేయబోతే వద్దంది.

"టేపు సందులో నుంచి అద్దంలో అంతా కనిపిస్తా ఉన్నింది" అంది. "ముగ్గురి వీపులూ. బాగా పరిగెత్తినారప్పా. వయసైపోయిందని ఇంగ ఎవురికీ చెప్పుకోవద్దండి."

"అది గని అలవాటమ్మా" అన్నాడు దుంగలవాడు. "ఆ చప్పుడింటే కాళ్లు ఆగవు."

"కాళ్లు సరే. లెక్కబెట్టేది గూడా అలవాటేనా?"

ఆమె పీలికను పళ్లతో పట్టి ముడేసింది.

"మా ఇంటాయన్ని గూడా ఇట్లే లెక్కబెట్టినారేమో."

"మేము ఆ షిఫ్టులో లేము గదమ్మా" అన్నాడు దుంగలవాడు వెంటనే.

"అవును. మరిచిపోతిని. ఎవురూ లేరు గదా."

"నేనుంటిని" అన్నాను.

"ఏమన్నాడు?" అన్నాడు డ్రిల్లువాడు.

ఆమె నా మీదినుంచి చూపు తీయకుండా, అతనికి వినపడేటట్టు గట్టిగా చెప్పింది. "ఆ షిఫ్టులో ఉండినాడంట!"

మొత్తం చెప్పాను. జ్వరమొచ్చినవాడి గురించి, బదిలీ గురించి, ఎనిమిది అన్న నా నోటి గురించి, ఖాళీ మేకు గురించి. డాక్టరు మాట కూడా చెప్పాను, ఆమె దాన్ని విననట్టే ఉండింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిడితే బాగుండుననుకున్నాను, తిట్టు తిని లేచిపోవచ్చు.

"ఆ ఎనిమిది మంది ఎవురెవురు?" అని అడిగింది.

నేను మొదలుపెట్టాను. రెండో పేరు దగ్గరే చేయి ఎత్తి ఆపింది.

"నోటితో వద్దు. మూడేండ్లు నోటితోనే లేనని చెప్పినావు. రాసియ్యి."

"నాకు రాసేది రాదమ్మా."

"అద్దం తీసేది మొన్నటి దాకా వచ్చునా? నేర్చుకో."

అలా నేను అరవై దాటాక బడిలో చేరాను. బడి ఆమె కుట్టుమిషను పక్కనే. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దబిళ్లతో కత్తిరింపుల బల్ల మీద అక్షరం రాసేది, దిద్దమనేది, మిగిలిన పీలికతో తుడిచేసేది. నేర్పుతున్నట్టు ఉండేది కాదు, కొలతలు తీసుకుంటున్నట్టు ఉండేది. 'క'కు 'ష' వత్తు తగిలించడం కంటే బండ పగలగొట్టడం సులువని నేనంటే, "బండ పగిలేటప్పుడు నువ్వు ఉండవు గదా, పరిగెత్తుతావు" అనేది. దుంగలవాడు టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడి, "మేస్త్రీ, అది కొండ కాదు, అక్షరం, మెల్లిగా!" అనేవాడు. ఆరు నెలలు పట్టింది.

తర్వాత ఒక రోజు తొమ్మిది పేర్లూ రాసిచ్చాను. ఎనిమిది మా గుంపువి. తొమ్మిదోది ఆమె భర్తది, అన్నిటికంటే కింద. ఆమె చదివింది. రెండుసార్లు చదివింది. కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది.

"మళ్లీ రాయి. లోపలుండినోడు ముందు. ముందు పరిగెత్తినోడు కడాకి."

మళ్లీ రాశాను. ఆ కాగితం మడిచి, సూదులూ బొత్తాలూ పెట్టుకునే రేకుడబ్బాలో అడుగున పెట్టుకుంది. నన్ను క్షమించిందా అని మీరు అడగొచ్చు. నేను అడగలేదు. మరుసటి రోజు టీ తాగేటప్పుడు పక్కకు జరిగి చోటిచ్చింది. అంతే నాకు తెలిసింది.

అద్దం ఏమైందో చెప్పాలి. శనివారం ఆ పెద్ద జీతం ఆయన భార్యతో వచ్చాడు. ఆమె అద్దాన్ని అరక్షణం చూసి, "ఇది పాతకాలందిలా ఉంది, చుట్టూ లైట్లున్నది పెట్టించండి" అంది. పరాయి దేశపు సరుకు అక్కడే ఉండిపోయింది. యజమాని దాన్ని ఆమె కుట్టుమిషను ఎదురుగా గోడకు పెట్టించాడు. ఈసారి స్క్రూలతో. తల ఎత్తకుండానే వెనక ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో ఆమెకు కనిపించేది.

పిల్లలూ, మీరు ఏ పని చేసినా ముందు దారి చూసుకోండి. చూసుకున్నాక, ఆ దారి ఎవరెవరికి సరిపోతుందో ఇంకోసారి చూడండి. ఇంతకంటే నాకు తెలిసిన విద్య లేదు.

ఆ గురువారం పదకొండు గంటల పది నిమిషాలకు అక్కడ ఉన్నవాళ్లను రాసి ముగిస్తాను. ఎవరి పేరూ అచ్చులో పెట్టనని మాటిచ్చాను కాబట్టి పనిని బట్టి రాస్తున్నాను. అన్నిటికంటే లోపల, అద్దానికి నుదురు ఆనించి, దిండ్లు కుట్టే ఆమె. ఆమె పక్కన గట్టు మీద, ఫోన్లో తెల్ల గ్లౌజుల దొర. చివరిదాకా కదలకుండా పనిచేసిన మగాడు ఆయనొక్కడే కాబట్టి లెక్కలో వేస్తున్నాను. కక్కసు మూత మీద దుంగలవాడు. నడవాలో డ్రిల్లువాడు. నా తోపుకు మట్టిలో పడ్డ యజమాని. ఆయన పడ్డాడు, పరుగెత్తలేదు. అందరికంటే చివర, ఇది రాస్తున్న నేను.